గౌరి జున్నుపాలు ఒలికిన సంగతి

నా పేరు గుండేటి మంగళ. భర్త పేరు రాజమల్లు, ఆయన లేడు. వయసు ఆధార్ కార్డు ప్రకారం నలభై తొమ్మిది, మా అమ్మ చెప్పిన లెక్క ప్రకారం యాభై రెండు. ఏది కావాలో అది రాసుకోండి. ముంబై కామాఠీపురా పదకొండో గల్లీలో, ఇనుప గేటు ఉన్న చాళ్‌లో, గదికో సంసారం ఉండే మేడ అది, రెండో అంతస్తులో ఉంటాను. పుట్టింది పక్క చాళ్‌లో, కోడలిగా వచ్చింది ఈ చాళ్‌కు. మధ్యలో ఒక గోడ మాత్రమే ఉంది. నా వృత్తి ఆవును నిలబెట్టుకుని గడ్డి అమ్మడం.

ఇక్కడి ఇన్‌స్పెక్టర్ మేడమ్ మరాఠీలో చెప్పమన్నారు. మరాఠీ నాకు బాగానే వచ్చు, మేడమ్ కంటే వేగంగా తిట్టగలను కూడా. కానీ ఈ కాగితం రేపు మా చాళ్‌లో ఎవరో ఒకరు చదివించుకుంటారు. మరాఠీలో ఉంటే మంగళ అట్లా అనలేదు, పోలీసులే రాసుకున్నారు అంటారు. లేకపోతే మంగళ ఇంకా ఎక్కువే చెప్పింది అంటారు. అందుకని తెలుగులోనే చెప్తానన్నాను. తెలుగు వచ్చిన కానిస్టేబుల్ వర్లి నుంచి వచ్చేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఆయన వచ్చాడు కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను.

ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో చిన్న దేవి గుడి ఉంది. దాని పక్క గోడకు ఆవును కట్టేసి కూర్చుంటాను. గుడికి వచ్చినవాళ్ళు నా దగ్గర గడ్డి కట్టో శనగపిండి లడ్డూవో కొని ఆవుకు పెడతారు, దాని వీపు తాకి కళ్ళకు అద్దుకుని పోతారు. పుణ్యం వాళ్ళది, గడ్డి గౌరిది, కూలి నాది. గౌరి మాత్రం నాది కాదు. వర్లిలో తబేలా, అంటే పాడిపశువుల కొట్టం, నడిపే సేఠ్‌ది. తెల్లవారగానే వెళ్ళి తోలుకొస్తాను, పొద్దుగూకే ముందు తిరిగి అప్పజెప్తాను. చాలా ఏళ్ళుగా ఇదే నా పని. ఆవు మారింది గానీ గోడ మారలేదు.

దీపావళి దాటాక ఒక పొద్దున తబేలాకు వెళ్ళేసరికి గౌరి మెడ దగ్గర ఒకామె సూది వేస్తోంది. తెల్ల కోటు, రబ్బరు బూట్లు. పేరు డాక్టర్ మేఘా అని తర్వాత తెలిసింది. గౌరి అప్పటికి నిండు చూలు. కడుపుతో ఉన్నదానికి సూదులేమిటని నేనే గట్టిగా అడిగాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. హిందీలో నిదానంగా చెప్పింది. పిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్ ఒకటి ఉందట. ఆ వైరస్‌ను చంపి, మందుగా చేసి ఆవుకు ఎక్కిస్తారట. ఆవు ఒంట్లో దానికి విరుగుడు తయారవుతుంది, దాన్ని యాంటీబాడీలు అంటారు. ఆవు తన దూడ కోసం వాటిని తొలి పాలలోకి దింపుతుంది. ఆ జున్నుపాలు తీసుకెళ్ళి, శుద్ధి చేసి, పొడి చేసి, జబ్బు పడ్డ పిల్లలకు పనికొస్తుందేమో చూస్తారట. "చూస్తాం" అని ఆమె రెండుసార్లు అంది. పనికొస్తుంది అని అనలేదు. ఆ తేడా నాకు ఆ రోజు చెవికెక్కలేదు.

ఆమె పోయాక సేఠ్ నన్ను పక్కకు పిలిచాడు. సూదులు వేసిన ఆవులు తబేలా దాటకూడదని వాళ్ళతో ఒప్పందం ఉందన్నాడు. అయినా గౌరిని రోజూ తోలుకుపొమ్మన్నాడు. గౌరి చెవికి వాళ్ళు గుచ్చిన పచ్చ బిళ్ళ కనబడకుండా బంతిపూల దండ కట్టమన్నాడు. కట్టాను. కట్టకపోతే ఆ గోడ దగ్గర ఇంకొకతె కూర్చుంటుంది. నాకు వేరే గోడ లేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నా నోరు మంచిదే గానీ ఆగదు. చాళ్‌లో నల్లా దగ్గర బిందె నిండేలోపు గౌరి పాలల్లో మందు తయారవుతోందని నలుగురికీ చెప్పేశాను. గొప్ప కోసం చెప్పాను. సేఠ్ ఆవే అయినా ఆ క్షణం నా ఆవు అనిపించింది.

ఈ చలికాలంలో మా గల్లీలో పిల్లలకు ఆ జబ్బే వచ్చింది. ముందు కింది అంతస్తులో, తర్వాత మా వరండాలో. మునిసిపల్ దవాఖానా డాక్టర్ చూసి ఇది వైరస్, దీనికి వేరే మందు లేదు, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు తాగిస్తూ ఉండండి, పిల్ల మగతగా పడుకుంటే వెంటనే తీసుకురండి అన్నాడు. మందు లేదు అన్న మాట ఒక్కటే అందరికీ గుర్తుండిపోయింది. ఆ మాట పక్కన నా నల్లా దగ్గరి మాట వచ్చి కూర్చుంది. మూడో రోజు నుంచి నన్ను చూసిన ప్రతివాళ్ళూ, మంచిచెడ్డలు కూడా అడక్కుండా, గౌరి ఎప్పుడు ఈనుతుందని అడిగారు.

నా మనవరాలు సాక్షికి బుధవారం మొదలైంది. దానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. నా కొడుకు పని మీద పుణెలో ఉన్నాడు. ఇంట్లో నేనూ కోడలు నీతా, సాక్షీ. రాత్రి గ్లాసెడు నీళ్ళు పట్టించాము, గ్లాసెడూ కక్కేసింది.

ఇక గురువారం సంగతి. గౌరికి ఇంకా పదిహేను రోజులు టైముందని సేఠ్ అన్నాడు, అందుకే పొద్దున మామూలుగా తోలుకొచ్చాను. నీతా వద్దంది. ఒక పూట కూర్చుని వచ్చేస్తాను, తర్వాత సాక్షిని దవాఖానాకు తీసుకుపోదాం అన్నాను. గుడిలో పొద్దుటి ఆరతి అయిపోయింది. ఒక గుజరాతీ ముసలాయన లడ్డూ నోటికి అందిస్తే గౌరి మొహం తిప్పుకుంది. గౌరి లడ్డూ వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. తోక ఎత్తి పట్టుకుంది, కాళ్ళు మార్చి మార్చి నిలబడింది. నొప్పులు మొదలయ్యాయని అర్థమైంది. వర్లి దాకా నడిపిస్తే దారిలోనే, బస్సుల మధ్య ఈనుతుంది. అందుకని మా చాళ్‌కు తోలాను. గేటు దగ్గర భూమయ్య బావ ఉన్నాడు. ఆయన నా భర్తకు వరసకు అన్న, చాళ్ కమిటీలో పెద్దమనిషి, గేటు తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. ఆయనే రెండు తలుపులూ బార్లా తెరిచాడు.

"తోలుకరా మంగళా, తోలుకరా. దేవుడే పంపిండు," అన్నాడు.

ఆయన మనవడు సాహిల్‌కు అప్పటికి మూడు రోజులుగా విరేచనాలు. ఇది కూడా రాయండి. ఈ సంగతి రాయకుండా తర్వాత జరిగింది రాస్తే ఆయన దుర్మార్గుడిలా కనబడతాడు.

చాళ్ నడిమధ్య, బట్టలారేసే చోట గౌరి ఈనింది. పెయ్యదూడ. నుదుట తెల్ల మచ్చ ఉంది. గౌరి దాన్ని నాకుతూ ఉంటే పై అంతస్తుల నుంచి అందరూ కటకటాల మీద వంగి చూశారు. పండగలా ఉండింది. నేను సేఠ్‌కు ఫోన్ చేశాను. పాలు ఒక్క చుక్క ముట్టుకోవద్దు, దూడను కూడా విడవద్దు, డాక్టరమ్మ బండి వస్తుంది, ఆవు ఈ రోజే తాడు తెంపుకుని వచ్చిందని ఆమెకు చెప్పు అన్నాడు. దూడను కూడా విడవద్దన్న మాటకు నాకు ఒళ్ళు మండింది. పుట్టిన దూడ నోటికి అడ్డం చెయ్యి పెట్టేవాళ్ళను మేము మనుషుల్లో లెక్కవేయం.

బండి వచ్చింది. డాక్టర్ మేఘా దిగింది, వెనక ఇద్దరు పనివాళ్ళు, స్టీలు క్యాన్లు. బండి గేటు లోపలికి వచ్చి ఆగింది. ఆమె గౌరిని చూసింది. కుంకుమ బొట్టు, కొమ్ములకు పసుపు, చెవి మీద బంతిపూల దండ. దండ పక్కకు తీసి పచ్చ బిళ్ళ చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఇది రోజూ రోడ్డు మీద నిలబడుతుందా?" అంది.

సేఠ్ చెప్పమన్న అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూసి చెప్పలేకపోయాను. రోజూ అన్నాను. ఆమె క్యాన్లు బండిలో పెట్టేయమని పనివాళ్ళతో అంది. ఈ పాలు తన పరీక్షకు పనికిరావంది. ఎక్కడెక్కడివో తిన్న ఆవు, ఎందరో ముట్టుకున్న ఆవు.

అప్పుడే వెనక నుంచి ఇనుప చప్పుడు వినిపించింది. గేటు మూసి తాళం వేసిన చప్పుడు.

భూమయ్య బావ గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "డాక్టరమ్మకు పనికిరాకుంటే మాకు పనికొస్తయ్. మా పోరగాండ్లకు పోసినంకనే గేటు తీస్తం," అన్నాడు.

ఆమె అందరికీ వినబడేలా చెప్పింది, హిందీలో, తర్వాత మరాఠీలో. ఈ పాలల్లో విరుగుడు ఉండొచ్చు, ఎంత ఉందో పరీక్షించకుండా తెలియదు. పచ్చిపాలు పోస్తే కడుపు చెడిన పిల్లలకు ఇంకో జబ్బు తగులుకుంటుంది. కాస్తే విరుగుడు చచ్చిపోతుంది. "జున్ను గట్టిపడేది ఎక్కువగా ఆ యాంటీబాడీల వల్లే. అవి వేడికి విరిగిపోతేనే మీకు జున్ను అవుతుంది. గట్టిపడ్డ తర్వాత అది స్వీటే, మందు కాదు," అంది. నాకు బాగా అర్థమైంది. పచ్చిగా ఇస్తే ప్రమాదం, కాచి ఇస్తే దండగ. పక్కన నిలబడ్డవాళ్ళకు మాత్రం ఆమె పాలు ఎత్తుకుపోవడానికే కథలు చెప్తోందని అర్థమైంది.

సాక్షిని నీతా ఎత్తుకుని కిందికి వచ్చింది. "అత్తమ్మా, బఘా నా, జర సూడు, పోరి కండ్లు తెరుస్తలేదు," అంది.

డాక్టర్ మేఘా సాక్షి పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ఆ ముడత అట్లాగే నిలబడింది. నేను చూశాను. చపాతీ పిండిని గిల్లితే నిలబడ్డట్టు నిలబడింది. ఆమె గొంతు మారిపోయింది. ఈ పాపకు ఇప్పుడే సెలైన్ ఎక్కించాలి, ఇప్పుడే, నా బండిలో తీసుకుపోతాను, ఇంకా ఇట్లాంటి పిల్లలుంటే అందరినీ ఎక్కించండి అంది.

నేను గేటు దగ్గరికి పరుగెత్తాను.

"బావా, తాళం తియ్యి. పోరిని దవాఖానాకు తీస్కపోవాలె."

"ఆగు మంగళా. గేటు తీస్తే బండి పోతది. ఎనుకనే సేఠ్ మనుషులొచ్చి ఆవును తోల్కపోతరు. మల్ల మన పోరలకు ఎవలిస్తరు? నా సాహిల్ గూడ లోపల్నే ఉన్నడు గదా. పాలు పంచినంక జల్దీ తీస్తా."

"పాలతోని ఏం గాదంటుంది గదా డాక్టరమ్మ!"

"మందు లేదన్నోళ్ళు గూడ డాక్టర్లే."

ఆయన మొండితనం చూస్తే గోడకు చెప్పుకున్నట్టే ఉంది. పైగా నా చుట్టూ అప్పటికి అందరూ గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. నన్ను గౌరి వైపు నెట్టారు. తోసినట్టు కాదు, పెళ్ళిలో పీటల మీదికి నడిపించినట్టు, ప్రేమగానే నెట్టారు. అంత ప్రేమలోంచి ఎట్లా తప్పించుకోవాలో నాకు తెలియలేదు.

పాలు పిండితేనే తాళం తీస్తారు కదా, త్వరగా పిండేద్దామని కూర్చున్నాను. గౌరి చేపలేదు. దూడ మూతి పెట్టి గుద్దితే తప్ప ఆవు పాలు కిందికి వదలదు. దూడను ఎత్తి పొదుగు దగ్గర నిలబెట్టాను. దాని కాళ్ళు వణుకుతున్నాయి, రెండుసార్లు కూలబడింది. మూడోసారి చన్ను దొరికింది. రెండు చన్నులు దానికి వదిలేసి, మిగిలిన రెండూ నేను పట్టుకున్నాను. పసుపుపచ్చగా, చిక్కగా, జిగురుగా వచ్చాయి. బకెట్ సగం దాటింది.

పచ్చిపాలే ఒక్క గుక్క సాక్షికి పట్టిద్దామా అనుకున్నాను. నిజం చెప్తున్నాను, అనుకున్నాను. గ్లాసు కూడా ముంచాను. డాక్టర్ మేఘా నా మొహం వైపే చూస్తోంది. ఆ గ్లాసు పట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో నాకు గుర్తు లేదు. తిరిగి బకెట్‌లో పోసేశాను. అంతలో పెంటమ్మత్త వచ్చి బకెట్ లాక్కుంది. ఆమె మా చాళ్‌లో అందరికంటే పెద్దది. పెళ్ళికైనా చావుకైనా ఆమె చెప్పిందే పద్ధతి.

"పచ్చిపాలు పసిపోరల నోట్ల పోస్తరా ఎవలన్న? బెల్లమేసి ఆవిరి మీద పెట్టాలె. మన అమ్మలు అట్లనే పెట్టిన్రు," అంది.

"పెంటమ్మత్తా, ఉడికిస్తే మందు పోతదంట."

"తొలి పాలల్ల మందు గాదే, తల్లి ఉంటది. తల్లి ఎక్కడికి పోతది?"

ఆమె అక్కడే కిరోసిన్ పొయ్యి పెట్టించింది. పెద్ద గిన్నెలో నీళ్ళు, దాని మీద ఇంకో గిన్నెలో కొంచెం పాలు, బెల్లం, యాలకులు. మిగిలిన పాలు రెండో వాయికి బకెట్‌లోనే ఉన్నాయి. ఏ పాలల్లో మందు ఉందని గేటుకు తాళం వేశారో, ఆ పాలల్లోంచి మందును వాళ్ళే చేతులారా ఉడికించి తీసేస్తున్నారు. ఆ మాట నేను గట్టిగా అరిచి చెప్పాను. ఎవరూ వినలేదు. అప్పటికే యాలకుల వాసన వచ్చేసింది.

జున్నుపాలకు మా దగ్గర ఒక పద్ధతి ఉంది, మేడమ్‌కు తెలియదు కాబట్టి చెప్తున్నాను. వాటిని అమ్మరు. ఒక్క ఇంట్లోనే తినరు. ఉన్న గడపలన్నిటికీ కొంచెం కొంచెమైనా పంచాలి. ఒక్క గడప తప్పినా ఆవు ఎండిపోతుందని పెద్దవాళ్ళ మాట. ఊళ్ళో అయితే పది ఇళ్ళు. మాది నాలుగంతస్తుల చాళ్. గదికో గడప. సాక్షి లాంటి పిల్లలకు ముందు పెట్టేసి తాళం తీయండి అన్నాను. వరస తప్పకూడదని పెంటమ్మత్త అంది, కింది అంతస్తు నుంచి మొదలవ్వాలంది.

దాని మీద కొట్లాట మొదలైంది. అద్దెకున్నవాళ్ళది గడప అవుతుందా కాదా అని ఒకరు. ఒక గదిని రెండు చేసుకున్నవాళ్ళకు ఒక గిన్నెనా రెండా అని ఇంకొకరు. అటక మీద మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కూలీలు పడుకుంటారు, వాళ్ళకు పెట్టాలా వద్దా అని మరొకరు. వాళ్ళలో మల్లయ్య అనే అతను మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. "మాకు గడప లేదు గానీ నోరున్నది గదమ్మా. అయినా మాకొద్దు. ముందు ఆ పోరిని బయటికి పంపున్రి," అన్నాడు. ఆ రోజు ఆ చాళ్‌లో తెలివి ఉన్న మాట అది ఒక్కటే. దానికి కూడా ఎవరో అతన్ని నువ్వు మధ్యల మాట్లాడకు అని కసిరారు.

ఇక నా పరిస్థితి చెప్తాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. గేటు బయట సేఠ్ మనుషులు వచ్చి ఇనుపకడ్డీలు కొడుతున్నారు, పాలు ముట్టుకుంటే కేసు పెడతామని అరుస్తున్నారు. గేటు లోపల మావాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు. డాక్టర్ మేఘా ఫోన్లో ఎవరెవరికో చెప్తోంది, మీ ఠాణాకు కూడా చేసింది. మీ జీపు ఫాక్‌లాండ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుందని తర్వాత విన్నాను. మా చాళ్‌కు ఇంకో దారి లేదు. వెనక దారి ఉండేది, వానల్లో గోడ కూలినప్పటి నుంచి ఇటుకలు పేర్చి మూసేశారు.

నీతా మెట్ల మీద కూర్చుంది. సాక్షి ఒక్కసారి ఏడ్చింది. ఏడుపు విని నాకు ప్రాణం లేచి వచ్చింది, దగ్గరికి వెళ్ళి చూశాను. మొహం ఏడుస్తున్న మొహమే. నోరు తెరిచి ఉంది. కళ్ళల్లో నీళ్ళు మాత్రం లేవు. బుగ్గ తడిమి చూశాను. పొడిగా ఉంది. పిల్ల ఏడుస్తోంది, కన్నీళ్ళు లేవు.

ఈ మాట రెండుసార్లు రాయనవసరం లేదని కానిస్టేబుల్ అన్నాడు. రాయమన్నాను.

నేను లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. కుడిచేత్తో పై గిన్నె అంచు పట్టుకుని నేల మీదికి వంచేశాను. బట్ట పట్టుకోలేదు, అప్పుడు గుర్తు రాలేదు. సగం గట్టిపడ్డ జున్ను ముద్దలు ముద్దలుగా పడింది. తర్వాత బకెట్‌ను కాలితో తన్నాను. పాలను కాలితో తన్నాను. బట్టలు ఉతికే బండ మీది నుంచి పారి, మోరీలో కలిశాయి. పై అంతస్తులో ఎవరిదో గిన్నె జారిపడి కింద దాకా మోగుతూ వచ్చింది.

పెంటమ్మత్త నన్ను చెంప మీద కొట్టింది. కొట్టి, ఏడ్చింది. పాలు పారబోసిన దాన్ని మా అమ్మ ఉంటే అమ్మ కూడా కొట్టేది.

"భూమయ్య బావా, ఇంక పంచేటందుకు ఏం లేదు. తాళం తియ్యి," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. మొలతాడు నుంచి తాళంచెవి తీశాడు. తలకిందులుగా పెట్టి తిప్పాడు, తిరగలేదు. మల్లయ్య మెట్ల మీంచి లేచి వచ్చి ఆయన చేతిలోంచి తీసుకుని తెరిచాడు. డాక్టర్ మేఘా బండిలో సాక్షినీ నీతానూ నన్నూ ఎక్కించుకుంది. కదిలే ముందు భూమయ్య బావ పరుగెత్తుకొచ్చాడు, దుప్పట్లో సాహిల్‌ను పట్టుకుని. ఎక్కాడు. దవాఖానా దాకా ఆయన మోకాలూ నా మోకాలూ తగులుతూనే ఉన్నాయి. నా అరచెయ్యి బొబ్బలెక్కిందని అక్కడ నర్సు చెప్తేనే చూసుకున్నాను.

మేము వెళ్ళాక సేఠ్ మనుషులు గౌరినీ దూడనూ టెంపోలో ఎక్కించుకుపోయారు. దూడ లేచి తన కాళ్ళ మీద తనే నిలబడిందని మల్లయ్య చెప్పాడు. దవాఖానాలో డాక్టర్ మేఘా నా పక్కన కూర్చుని, ఆ పాలు ఎవరి కోసం తయారయ్యాయో దాని కడుపులోకి కొన్నైనా వెళ్ళాయి, వదిలిపెట్టండి అంది. మంచి మాటే. కానీ వదిలిపెట్టడం నా చేతిలో లేదు. ఆ పాలు నిజంగా పనిచేసేవేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆమె పనిచేస్తుందని అనలేదు, పనిచేయదని కూడా అనలేదు. ఎవరి పిల్లకైనా రేపు ఏదైనా అయితే నా కాలే గుర్తొస్తుంది అందరికీ. నాకు కూడా.

ఇప్పుడు మేడమ్ అడిగిన ప్రశ్నకు వస్తాను. ఆవును దొంగతనంగా తోలుకుపోయి, విలువైన పాలు కావాలని పారబోశానని సేఠ్ నా మీద ఫిర్యాదు ఇచ్చాడు. గౌరిని రోజూ నా చేతికి ఇచ్చింది ఆయనే, చెవి బిళ్ళకు దండ కట్టమన్నది ఆయనే. గుడి పూజారిని అడగండి, గుడి ముందు పూలమ్మే ఆమెను అడగండి. తమ మనుషులను, బండిని లోపల పెట్టి తాళం వేశారని డాక్టరమ్మ ఆఫీసువాళ్ళు ఇంకో ఫిర్యాదు ఇచ్చారు. తాళం ఎవరు వేశారో పేరు చెప్తే నన్ను సాక్షిగా రాస్తారట. చెప్పకపోతే ఆవును లోపలికి తెచ్చింది నేనే కాబట్టి ముద్దాయిగా రాస్తారట. నిన్న చాళ్ నుంచి ఇద్దరు ఆడవాళ్ళు దవాఖానాకు వచ్చారు, పళ్ళు తెచ్చారు. భూమయ్య పేరు చెప్తే మళ్ళీ గేటు తొక్కొద్దని పళ్ళు పెట్టి మరీ చెప్పి వెళ్ళారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో ఈ బెంచీ.

నేను రెండు రోజులు ఆలోచించాను. జవాబు రాసుకోండి.

గేటుకు తాళం వేసింది భూమయ్య. నేను నా కళ్ళతో చూశాను.

దాని పక్కనే ఇది కూడా రాయండి. లేకపోతే నేను వేలిముద్ర వేయను. ఆ తాళం పడ్డ చప్పుడు విన్నప్పుడు నేను సంతోషించాను. డాక్టరమ్మ ఎంత చెప్పినా, ఇక పాలు బయటికి పోవు, నా సాక్షికి దక్కుతాయి అనుకున్నాను. గేటు తియ్యమని ఆయన్ని అడిగింది ఆ తర్వాత, పిల్ల పొట్ట మీద ముడత చూశాక. తాళం పడ్డప్పుడు నేను ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. ఆయన చేతిలో తాళంచెవి ఉంది, నా నోట్లో నల్లా దగ్గరి మాట ఉంది. అందుకని ఆయన పేరు ఏ వరసలో రాస్తే నా పేరు కూడా అదే వరసలో రాయండి. సాక్షి అన్న మాట నా మనవరాలి పేరుగానే ఉండనివ్వండి.

ఈ పొద్దున సాక్షి లేచి కూర్చుంది. పాలు కావాలని అడిగింది. నేను వరండాలోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను. సాహిల్ పక్క మంచం మీదే ఉన్నాడు, వాడికి కూడా తగ్గింది. భూమయ్య బావ రెండు మంచాల మధ్య స్టూలు మీద కూర్చుని, నేను లేనప్పుడు సాక్షికి కూడా చెంచాతో నీళ్ళు పడుతున్నాడని నర్సు చెప్పింది. నేను వస్తే లేచి వెళ్ళిపోతాడు. ఆయన్ని నేను ఇక్కడ పట్టిచ్చానని సాయంత్రానికి ఆయనకు తెలుస్తుంది.

రేపు పిల్లలిద్దరినీ ఇంటికి పంపిస్తామన్నారు. ఇల్లు ఆ గేటు లోపలే ఉంది. ఇంకో దారి ఇటుకలతో మూసి ఉంది. తాళంచెవి ఇప్పటికీ ఆయన మొలతాడుకే ఉంది.

పైన రాసినదంతా నాకు తెలుగులో చదివి వినిపించారు. ఒకచోట గిన్నె "జారి ఒలికింది" అని ఉంటే "నేనే వంచాను" అని దిద్దించాను. ఇంకోచోట "బలవంతం మీద పాలు పిండాను" అని ఉంటే "బలవంతం" కొట్టేయించాను, ఎవరూ నా చెయ్యి పట్టుకోలేదు. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. ఎవరో భయపెడితే చెప్పింది కాదు. భయం ఉంది, కానీ చెప్పింది నేనే. తెలుగులో సంతకం చేయడం వచ్చు. కుడి అరచెయ్యికి కట్టు ఉన్నందున ఎడమచేతి బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
గుండేటి మంగళ